క్రెడిట్ కార్డు బకాయిని మరో బ్యాంకుకు మార్చుకోవాలంటే: దరఖాస్తుకు ముందు చేసుకోవలసిన సన్నాహం

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వడ్డీని ఏడాది శాతాల్లో చెప్పుకునేవారు తక్కువ. నూటికి నెలకు ఎన్ని రూపాయలు అన్నదే ఇక్కడి లెక్క. రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవాలంటే ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించే కుటుంబాలు కూడా, క్రెడిట్ కార్డు బిల్లులో కనీస మొత్తం మాత్రమే కట్టి మిగతాది వచ్చే నెలకు వదిలేసినప్పుడు ఎంత వడ్డీకి ఒప్పుకున్నామో గమనించడం లేదు. చాలా కార్డుల మీద ఆ వడ్డీ నెలకు మూడున్నర రూపాయలు, కొన్నిటి మీద మూడు రూపాయల డెబ్బై అయిదు పైసలు. దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. లక్ష రూపాయల బకాయి ఉంటే నెలకు 3,750 రూపాయల వడ్డీ, 675 రూపాయల పన్ను, వెరసి 4,425 రూపాయలు అవుతుంది. కనీస మొత్తం కింద 5,000 కట్టినా అసలులో తగ్గేది ఆరువందల లోపే. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది కాబట్టి, ఈ భారాన్ని తగ్గించుకునే మార్గం ఎవరికి వారే వెతుక్కోవాలి.

అలాంటి మార్గాల్లో ఒకటి బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్. ఒక బ్యాంకు కార్డు మీద పేరుకుపోయిన బకాయిని, అంతకంటే తక్కువ వడ్డీకి మరో బ్యాంకు కార్డు మీదికి మార్చుకోవడమే ఇది. మన దేశంలో ఇది ఎక్కువగా రెండు రూపాల్లో దొరుకుతుంది. మొదటిదానిలో కొద్ది కాలం పాటు వడ్డీ లేకుండానో, స్వల్ప వడ్డీకో ఉంచుతారు. రెండోదానిలో మొత్తాన్ని నెలవారీ వాయిదాలుగా మార్చి, సాధారణ కార్డు వడ్డీలో సగం కంటే తక్కువకు ఇస్తారు. రెండిటికీ ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ఉంటాయి. ఉదాహరణకు లక్ష రూపాయలను నెలకు రూపాయిన్నర వడ్డీకి పన్నెండు వాయిదాలుగా మార్చుకుంటే వాయిదా 9,168 రూపాయలు వస్తుంది. వడ్డీ, దాని మీద పన్ను, రెండు శాతం ఫీజు, ఆ ఫీజు మీద పన్ను అన్నీ కలిపితే ఏడాదికి అయ్యే ఖర్చు సుమారు 14,200 రూపాయలు. అదే లక్షను పాత కార్డులోనే ఉంచి, మూడు రూపాయల డెబ్బై అయిదు పైసల వడ్డీతో అదే ఏడాదిలో తీర్చాలంటే ఖర్చు సుమారు 30,700 రూపాయలు అవుతుంది. తేడా పదహారు వేల పైచిలుకు. ఒక మామూలు కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు.

అయితే ఈ సౌకర్యం అడిగిన ప్రతివారికీ మంజూరు కాదు. 2023 నవంబరు 16న రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డు బాకీల మీద బ్యాంకులు లెక్కించవలసిన రిస్కు వెయిటేజీని (బాకీ మునిగితే తట్టుకోవడానికి ఎంత మూలధనం పక్కన పెట్టాలో తేల్చే కొలతను) 125 శాతం నుంచి 150 శాతానికి పెంచిన తర్వాత, కార్డులిచ్చే సంస్థలు దరఖాస్తులను మరింత నిశితంగా చూస్తున్నాయి. దరఖాస్తు నింపే రోజున మనం చేయగలిగేది చాలా కొద్ది. మంజూరుకు కారణమైనవీ, తిరస్కరణకు కారణమైనవీ అంతకు ముందు రెండు మూడు నెలల్లోనే రూపుదిద్దుకుని ఉంటాయి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ రెండు మూడు నెలల పని గురించే.

కొత్త కార్డు నిజంగా కావాలా?

మొదట మీ దగ్గర ఉన్న ఇతర బ్యాంకుల కార్డులను చూడండి. ఒక కార్డు మీద బకాయి ఉండి, మరో బ్యాంకు కార్డు దాదాపు ఖాళీగా ఉంటే, ఆ రెండో బ్యాంకు యాప్‌లోనే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అవకాశం కనిపించవచ్చు. అప్పుడు కొత్త కార్డుకు దరఖాస్తు, కొత్త విచారణ (బ్యాంకు మన క్రెడిట్ నివేదికను తెప్పించి చూడటం), ఇంటికి వచ్చే తనిఖీ ఏవీ అవసరం ఉండకపోవచ్చు. ఒకే బ్యాంకుకు చెందిన రెండు కార్డుల మధ్య బకాయిని మార్చరన్నది గుర్తుంచుకోవాలి. అలాగే కొత్త కార్డు మీద ఇచ్చిన లిమిట్ మొత్తాన్నీ బదిలీకి వాడుకోనివ్వరు. అందులో కొంత భాగానికే అనుమతి ఉంటుంది కాబట్టి లక్ష బకాయి ఉన్నవారికి లక్ష లిమిట్ సరిపోకపోవచ్చు.

ఇంట్లో బంగారం ఉన్నవారికి నా సూచన కొంచెం వేరుగా ఉంటుంది. బ్యాంకుల్లో బంగారం తాకట్టు రుణం సాధారణంగా నూటికి రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది. దానికి క్రెడిట్ స్కోరుతో, అంటే మన అప్పుల చరిత్రను బట్టి ఇచ్చే అంకెతో, పెద్దగా పని ఉండదు. నగ తాకట్టు పెట్టడం నామోషీ అనుకుని, నెలకు నాలుగు రూపాయలకు పైగా పడుతున్న అప్పును మోయడం ఆ కుటుంబానికే నష్టం. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నవారికీ ఇదే మాట వర్తిస్తుంది. ఏడాదికి ఏడు శాతం తెచ్చే డిపాజిట్‌ను కదపకుండా, నలభై అయిదు శాతం వడ్డీ కట్టడంలో అర్థం లేదు. ఈ రెండూ లేనివారికీ, ఉన్నా చాలనివారికీ బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ సరైన దారి.

క్రెడిట్ నివేదికను చదవడం

దేశంలో రుణ చరిత్రను నమోదు చేసే సంస్థలు నాలుగు ఉన్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం ఒక్కొక్క సంస్థ నుంచి ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా పొందవచ్చు. వెబ్‌సైటు తెరవగానే నెలవారీ చందా పథకాలే ముందు కనిపిస్తాయి, ఉచిత నివేదిక కోసం కొంచెం వెతకవలసి ఉంటుంది. మీ నివేదికను మీరే చూసుకుంటే స్కోరు తగ్గదు. తగ్గేది రుణం కోసం దరఖాస్తు చేసినప్పుడు బ్యాంకు చూస్తే.

స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. 750, ఆపైన ఉంటే మంచిదని సాధారణంగా భావిస్తారు. కానీ ఆ ఒక్క అంకెను చూసి నివేదికను మూసేయకూడదు. లోపల ప్రతి రుణానికీ నెలవారీ గడులు ఉంటాయి. గడిలో మూడు సున్నాలుంటే ఆ నెల సకాలంలో కట్టారని అర్థం. 030 వంటి అంకె ఉంటే అన్ని రోజులు ఆలస్యమైందని అర్థం. సిబిల్ నివేదికలో ఇలా మూడేళ్ల చరిత్ర కనిపిస్తుంది. బ్యాంకు అధికారి దృష్టి ముందుగా చివరి ఆరు నుంచి పన్నెండు గడుల మీద పడుతుంది. మూడేళ్ల కిందటి ఒక ఆలస్యాన్ని వారు పట్టించుకోకపోవచ్చు గానీ, రెండు నెలల కిందటి ఆలస్యాన్ని తప్పకుండా పట్టించుకుంటారు. కాబట్టి వాయిదాలు తప్పడం మొదలయ్యాక బదిలీకి ప్రయత్నించడం కంటే, భారం తెలుస్తున్నా ఇంకా సకాలంలో కడుతున్న దశలోనే ప్రయత్నించాలి. ఇక్కడ ఒక ఊరట ఉంది. గడువు తేదీ దాటి మూడు రోజులకు మించితేనే కార్డు సంస్థ ఆలస్య రుసుము వేయాలనీ, బకాయిగా నమోదు చేయాలనీ రిజర్వు బ్యాంకు నిబంధన చెబుతోంది. జీతం ఒకటో తేదీన పడకుండా నాలుగైదు రోజులు వెనకబడే ఉద్యోగులు ఈ మూడు రోజుల మీద ఆధారపడటం కంటే, బిల్లింగ్ తేదీ మార్చమని కార్డు సంస్థను అడగడం మేలు. కనీసం ఒకసారి ఆ అవకాశం ఇవ్వాలన్నది కూడా నిబంధనే.

మన జిల్లాల నివేదికల్లో ప్రత్యేకంగా వెతకవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. పంట రుణాలు వాటిలో మొదటివి. మాఫీ వస్తుందన్న ఆశతో కట్టకుండా ఆపిన పంట రుణం, తర్వాత పూర్తిగా తీరిపోయినా, నివేదికలో ఇంకా బకాయిగానే నిలిచి ఉండవచ్చు. ఉమ్మడి పొలం మీద తండ్రితో కలిసి సంతకం చేసిన రుణం కొడుకు నివేదికలో కనిపిస్తుంది. బంధువుకో తోటి ఉద్యోగికో ష్యూరిటీ సంతకం పెట్టిన రుణం కూడా మీ పేరున చేరుతుంది, వారు వాయిదా తప్పితే దాని మచ్చ మీ మీద పడుతుంది. డ్వాక్రా సంఘం ద్వారా తీసుకున్న రుణాల వివరాలు సభ్యుల వారీగా నమోదై ఉండవచ్చు కనుక, భార్య పేరున దరఖాస్తు చేసేటప్పుడు ఆ సంఘం చెల్లింపులు ఎలా ఉన్నాయో తెలుసుకోవాలి. ఫోను యాప్‌లలో అయిదు వేలకూ పది వేలకూ తీసుకున్న చిన్న అప్పులు వరుసగా కనిపిస్తే, మొత్తం చిన్నదే అయినా, చేతిలో డబ్బు ఆడని మనిషి అన్న అభిప్రాయం బ్యాంకుకు కలుగుతుంది. వాటిని ముందుగా మూసేసి, మూసినట్టు పత్రం తీసుకోవాలి.

"సెటిల్డ్" అన్న మాట ఎక్కడైనా ఉంటే దాన్ని తేలికగా తీసుకోకండి. బ్యాంకుతో మాట్లాడుకుని కొంత తగ్గించి కట్టిన రుణానికి ఆ గుర్తు వేస్తారు. కట్టినవారి దృష్టిలో అప్పు తీరిపోయింది, కొత్త బ్యాంకు దృష్టిలో పాత బ్యాంకు నష్టపోయింది. అప్పుడు కట్టకుండా మిగిలిన మొత్తాన్ని కూడా కట్టి, బకాయి లేదన్న ధ్రువపత్రం తీసుకుని, ఖాతాను "క్లోజ్డ్"గా మార్పించుకున్న తర్వాతే దరఖాస్తు చేయడం మంచిది.

నివేదికలో తప్పులుంటే ఆ నివేదిక ఇచ్చిన సంస్థ వెబ్‌సైటులోనే ఉచితంగా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ముప్పై రోజుల్లోగా పరిష్కరించకపోతే, ఆపైన ఆలస్యమైన ప్రతి రోజుకూ వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. అది 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఫిర్యాదు నంబరునూ, తేదీ కనిపించే తెరచిత్రాన్నీ దాచుకోవాలి.

పేరు, చిరునామా

తిరస్కరణకు అప్పుతో సంబంధం లేని కారణాలు కూడా ఉంటాయి, మన ప్రాంతంలో వాటికి కొదవ లేదు. మనకు ఇంటిపేరు ముందు ఉంటుంది. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా విప్పి చివర చేర్చి ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఒక్కటే ముందు ఉంటుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో మరో తీరుగా ఉంటుంది. వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లీషులో ఒక చోట ‘శ్వ’లోని ‘వ’కు V అక్షరంతో, ఒక చోట W అక్షరంతో, ఒక చోట చివరి ‘ర్లు’ దగ్గర ఒక అక్షరం ఎక్కువగా, మరో చోట వెంకటేశ్వరరావు అని రాసేస్తారు. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవారు ఇద్దరు ముగ్గురు ఉండటం కూడా మామూలే కాబట్టి, ఒకరి రుణం మరొకరి నివేదికలో చేరే ప్రమాదం ఉంటుంది. పాన్, ఆధార్, జీతం పడే బ్యాంకు ఖాతా, ఈ మూడింటిలోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండేటట్టు ముందే సరిచేసుకోండి. దరఖాస్తులో పాన్‌లో ఉన్న పేరునే అక్షరం పొల్లుపోకుండా రాయండి.

చిరునామాతో మరో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్విభజించినప్పుడు కందుకూరు ప్రాంతం ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు వచ్చింది, చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాలో చేరాయి, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లాయి. ఆ తర్వాత వీటిలో కొన్ని మళ్లీ జిల్లా మారాయి. ప్రజల కాగితాలు మాత్రం ఒకేసారి మారలేదు. ఆధార్‌లో ఒక జిల్లా, కరెంటు బిల్లులో ఒక జిల్లా, బ్యాంకు ఖాతాలో మరో జిల్లా ఉన్న కుటుంబాలు కందుకూరు వైపు ఎన్నో ఉన్నాయి. నెల్లూరు పిన్‌కోడ్‌లు 524తో మొదలైతే, కందుకూరు పిన్‌కోడ్ 523105. జిల్లా పేరు మారినా పిన్‌కోడ్ అదే. దరఖాస్తులో జిల్లా పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి, పిన్‌కోడ్ సరిగ్గా ఉండాలి. ఈ పిన్‌కోడ్ మరో విధంగానూ ముఖ్యం. కార్డు సంస్థలు తాము సేవలందించే పిన్‌కోడ్‌ల జాబితాను పెట్టుకుంటాయి. నెల్లూరు, ఒంగోలు పట్టణాలకు ఇచ్చే కార్డును ఉదయగిరికో, కనిగిరి పక్కన పల్లెకో ఇవ్వకపోవచ్చు. ముందుగా పిన్‌కోడ్ కొట్టి చూసుకునే వీలు చాలా వెబ్‌సైట్లలో ఉంటుంది. అక్కడ కాదంటే, స్కోరు ఎంత ఉన్నా ఆ దరఖాస్తు దండగ.

లిమిట్‌లో ఎంత వాడారు

ఇది స్కోరును వేగంగా మార్చగలిగే అంశం, అందువల్ల శ్రద్ధ పెట్టవలసింది. లక్షా ఇరవై వేల లిమిట్ ఉన్న కార్డు మీద లక్ష బకాయి ఉంటే వాడకం 83 శాతం. దాన్ని బ్యాంకులు ఇబ్బందికి గుర్తుగా చూస్తాయి. ముప్పై శాతం లోపు ఉంటే మంచిదన్నది వాడుకలో ఉన్న కొలత. బకాయి బదిలీకే వచ్చినవారిని ముప్పై శాతానికి తేవడమంటే సాధ్యం కాని మాట చెప్పినట్టే. అయినా సగానికి తేగలిగినా ఫలితం ఉంటుంది. బోనసో, చీటీ పాట డబ్బో, పొగాకు అమ్మిన సొమ్మో చేతికి వస్తే, అందులోంచి నలభై వేలు దరఖాస్తుకు ముందే పాత కార్డుకు కట్టండి. వాడకం 50 శాతానికి దిగుతుంది. బదిలీ చేయవలసిన మొత్తమూ తగ్గుతుంది కాబట్టి తక్కువ లిమిట్ వచ్చినా సరిపోతుంది.

ఎప్పుడు కట్టామన్నదీ ముఖ్యమే. గడువు తేదీ దాకా ఆగకుండా, బిల్లు తయారయ్యే తేదీకి నాలుగైదు రోజుల ముందే కడితే, బిల్లులో చిన్న మొత్తం పడి అదే నమోదవుతుంది. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు నెలకు కనీసం రెండుసార్లు వివరాలను క్రెడిట్ సంస్థలకు పంపవలసి ఉంది. అంతకుముందు నెలకు మించి పట్టే మార్పు ఇప్పుడు కొంత త్వరగా కనిపిస్తుంది. డబ్బు కట్టిన తర్వాత నివేదికలో తగ్గిన బకాయి కనిపించేదాకా ఆగి, ఆ తర్వాత దరఖాస్తు చేయాలి. ఆ ఓపిక లేక మరునాడే దరఖాస్తు చేసేవారికి, కట్టిన డబ్బు ఈ విషయంలో ఉపయోగపడదు.

ఖాళీగా ఉన్న పాత కార్డులను ఈ సమయంలో మూసేయవద్దు. వాటి లిమిట్ మొత్తం లెక్కలో ఉండటం వల్లే వాడకం శాతం తక్కువగా కనిపిస్తుంది, పాత కార్డు వయసు కూడా మీకు అనుకూలం. ఏడాదికి పైగా వాడని కార్డును సంస్థ ముందుగా తెలియజేసి మూసేయవచ్చు కాబట్టి, అప్పుడప్పుడు ఒక చిన్న బిల్లు దాని మీద కట్టి, వెంటనే తీర్చేస్తే చాలు.

ఆదాయం కాగితం మీద కనబడాలి

నెల జీతగాళ్లకు ఇది సులువు: మూడు నెలల జీతం స్లిప్పులు, జీతం పడే ఖాతా స్టేట్‌మెంటు, ఫారం 16 (జీతంలోంచి కోసిన పన్ను వివరాల పత్రం). రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, ఉపాధ్యాయులు ప్రభుత్వ ఆర్థిక లావాదేవీల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్ నుంచి స్లిప్పులు తీసుకుంటారు. బ్యాంకు ఇక్కడ చూసేది జీతంలో వాయిదాలకు పోయే వాటా. 45,000 జీతం వచ్చే ఒక ఉద్యోగికి ఇంటి రుణం వాయిదా 14,000, బండి వాయిదా 3,500 ఉన్నాయనుకుందాం. లక్ష కార్డు బకాయిలో అయిదు శాతాన్ని కూడా చాలా బ్యాంకులు నెలవారీ బాధ్యతగా లెక్కవేస్తాయి కనుక మరో 5,000 చేరి, మొత్తం 22,500 అవుతుంది. అంటే జీతంలో సరిగ్గా సగం. అక్కడికి వచ్చేసరికి చాలా దరఖాస్తులు ఆగిపోతాయి. బండి రుణానికి రెండే వాయిదాలు మిగిలి ఉంటే, వాటిని కట్టేసి ఆ రుణం మూసిన తర్వాత దరఖాస్తు చేస్తే బాధ్యత 42 శాతానికి దిగుతుంది. ఏ అప్పును ముందు మూయాలన్నది వడ్డీ రేటును బట్టి చూడటం సహజం గానీ, ఈ ఒక్క సందర్భంలో నెలవారీ వాయిదా ఏది త్వరగా పోతుందో అది చూడటం లాభం.

సాగు, చెరువులు, వ్యాపారం మీద బతికేవారికి ఇదంత సులువు కాదు. ఆదాయం ఎక్కువే ఉండవచ్చు, అది ఖాతాలో కనబడదు. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల సాగు చేసేవారికి మేత డీలరు దగ్గర ఖాతా అప్పు ఉంటుంది, రొయ్యల పట్టుబడి అయ్యాక ఆ అప్పు పోను మిగిలినదే చేతికి వస్తుంది, అదీ చాలాసార్లు నగదుగా వస్తుంది. బ్యాంకుకు ఈ వ్యవహారమంతా కనిపించదు. పట్టుబడి డబ్బును ఖాతాలో వేయించుకోవడం, ఆదాయపు పన్ను రిటర్ను క్రమం తప్పకుండా వేయడం, కనీసం రెండేళ్ల రిటర్నులు చేతిలో ఉంచుకోవడం తప్ప దీనికి దగ్గర దారి లేదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేకపోయినా రిటర్నులో చూపవచ్చు. అయితే కొన్ని కార్డు సంస్థలు పన్ను పడే ఆదాయాన్నే లెక్కలోకి తీసుకుంటాయి కాబట్టి, దరఖాస్తుకు ముందే ఆ విషయం అడిగి తెలుసుకోవాలి.

పొగాకు రైతులకు ఒక అనుకూలత ఉంది. ఒంగోలు, టంగుటూరు, కందుకూరు, పొదిలి, కనిగిరి, కలిగిరి వేలం కేంద్రాల్లో అమ్మిన సరుకు సొమ్ము బ్యాంకు ఖాతాలోనే పడుతుంది, పంట రుణం అందులోంచే జమ అవుతుంది. వేలం పూర్తయి, పంట రుణం తీరి, ఖాతాలో మిగులు ఉన్న నెలలే వారు దరఖాస్తు చేయడానికి తగిన కాలం. నారుమళ్లకూ, ఎరువులకూ డబ్బు పోయి ఖాతా అడుగంటిన నెలల్లో అదే రైతు దరఖాస్తు చేస్తే సమాధానం వేరుగా ఉంటుంది. చీమకుర్తి గ్రానైటు మీద ఆధారపడిన చిన్న వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు, కరెంటు ఖాతా లావాదేవీలు ఆదాయాన్ని చూపించే పని చేసిపెడతాయి.

ఎవరికైనా సరే, చివరి ఆరు నెలల స్టేట్‌మెంటులో వాయిదా బౌన్సులు ఉండకూడదు. తేదీకి ఖాతాలో డబ్బు లేక వెనక్కి పోయిన ఒక్క వాయిదా, దాని పక్కన పడిన బౌన్సు చార్జీ, స్టేట్‌మెంటు చదివేవారి కంట వెంటనే పడుతుంది.

ఎక్కడ అడగాలి, ఎన్నిసార్లు అడగాలి

జీతం పడే బ్యాంకులోనో, చాలా ఏళ్లుగా ఖాతా ఉన్న బ్యాంకులోనో ముందే మంజూరైన కార్డు ఆఫర్ ఉందేమో యాప్‌లో చూడండి. మీ లావాదేవీలు వారికి తెలుసు కాబట్టి అక్కడ అవకాశం ఎక్కువ. బకాయి ఉన్నది ఆ బ్యాంకు కార్డే అయితే మాత్రం వేరే చోట చూడాలి. ఆదాయ అర్హత, వయసు, పిన్‌కోడ్, బదిలీకి ఇచ్చే వడ్డీ, ఫీజు, గడువు అన్నీ చదివి, మీకు సరిపడే ఒక్క కార్డును ఎంచుకుని ఒక్క దరఖాస్తే చేయండి. ప్రతి దరఖాస్తూ నివేదికలో తేదీతో సహా విచారణగా నమోదవుతుంది. నెలలో నాలుగు విచారణలు కనబడితే, నాలుగో బ్యాంకు మొదటి మూడింటి నిర్ణయాన్ని ఊహించుకుంటుంది.

నెల్లూరు ట్రంకు రోడ్డులోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో షాపుల ముందు బల్ల వేసుకుని "ఊరికే చూద్దాం సార్, రాకపోతే పోయేదేముంది" అని ఫోను తీసుకుని వివరాలు నింపే ఏజెంట్ల దగ్గర ఈ కారణం వల్లే జాగ్రత్తగా ఉండాలి. అక్కడ చెప్పిన ఓటీపీ ఒక విచారణకు మీరు ఇచ్చిన సమ్మతి అవుతుంది. పోయేది మీ స్కోరు. డబ్బిస్తే సిబిల్ స్కోరు పెంచిపెడతామనేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. నిజమైన వివరాన్ని నివేదికలోంచి ఎవరూ తొలగించలేరు, తప్పుడు వివరాన్ని మీరే ఉచితంగా సరిచేయించుకోగలరు.

దరఖాస్తులో ఆదాయం పెంచి రాయవద్దు, ఉన్న రుణాలు దాచవద్దు. రెండూ వారి దగ్గర కనిపిస్తాయి. తర్వాత ధ్రువీకరణ ఫోను వస్తుంది, కొన్ని సంస్థల నుంచి మనిషి ఇంటికో పనిచేసే చోటుకో వస్తాడు. పల్లెల్లో డోరు నంబరు చెబితే ఎవరికీ తెలియదు, కాబట్టి రామాలయం పక్క వీధి, వాటర్ ట్యాంకు ఎదురు ఇల్లు అన్న గుర్తు చిరునామాలో తప్పక రాయండి. తెలియని నంబరని ఫోను ఎత్తకపోవడం వల్ల, ఇంట్లో ఉన్న పెద్దవారు "అబ్బాయి ఇక్కడ ఉండటం లేదు, బెంగళూరులో ఉంటాడు" అని చెప్పడం వల్ల ఆగిపోయే దరఖాస్తులు ఉంటాయి. ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచడం మంచిది.

మంజూరైతే

బదిలీ సొమ్ము పాత కార్డు ఖాతాలో జమ అయినట్టు స్టేట్‌మెంటులో కనబడేవరకూ పాత కార్డు వాయిదా ఆపకూడదు. ఈ మధ్యలో ఒక గడువు తేదీ వస్తే, కనీస మొత్తమైనా కట్టితీరాలి. బదిలీ తర్వాత పాత కార్డులో మిగిలే చివరి నెల వడ్డీ కొన్ని వందలు ఉండవచ్చు, దాన్ని మరచిపోతే అదే కొత్త ఆలస్యంగా నమోదవుతుంది. కొత్త కార్డు మీద బదిలీ బకాయి ఉన్నంతకాలం దానితో సరుకులూ, పెట్రోలూ కొనవద్దు. బకాయి పూర్తిగా తీరకుండా చేసే కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించక, మొదటి రోజు నుంచే మామూలు కార్డు వడ్డీ పడవచ్చు. పాత కార్డుకు వార్షిక రుసుము లేకపోతే ఉంచుకోండి. మూసేయాలనుకుంటే, బకాయి లేని కార్డును అడిగిన ఏడు పనిదినాల్లోగా కార్డు సంస్థ మూయాలి, లేకుంటే ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయలు మీకు చెల్లించాలి. రిజర్వు బ్యాంకు పెట్టిన ఈ నిబంధన 2022 జులై నుంచి అమల్లో ఉంది.

తిరస్కరిస్తే

రిజర్వు బ్యాంకు పెట్టిన అవే నిబంధనల ప్రకారం, దరఖాస్తును తిరస్కరించిన కారణాన్ని కార్డు సంస్థ లిఖితపూర్వకంగా తెలియజేయాలి. "అంతర్గత విధానం" అన్న ఒక్క మాటతో సందేశం వస్తే, అసలు కారణం చెప్పమని ఈమెయిల్ రాయండి. కారణం చిరునామానో పేరో అయితే కాగితాలు సరిచేసుకుని మళ్లీ అడగవచ్చు. వాడకం శాతమో, విచారణల సంఖ్యో, ఇటీవలి ఆలస్యమో అయితే కనీసం మూడు నుంచి ఆరు నెలలు ఆగి, ఆ కాలమంతా ప్రతి వాయిదా తేదీకి కడుతూ, బకాయిని తగ్గిస్తూ ఉండాలి. అన్నాళ్లు ఆగలేనివారు, బకాయి ఉన్న కార్డు సంస్థకే ఫోను చేసి, మొత్తాన్ని తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్చమని అడగాలి. కొత్త బ్యాంకు ఇచ్చేంత తక్కువ కాకపోయినా, ఆ వడ్డీ సాధారణంగా మామూలు కార్డు వడ్డీ కంటే తక్కువగానే ఉంటుంది.

కార్డు సంస్థకు ఫిర్యాదు చేసిన ముప్పై రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం సంతృప్తికరంగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అందుకు రుసుము ఏమీ లేదు. 14448 నంబరుకు ఫోను చేస్తే విధానం వివరిస్తారు. సంస్థకు పంపిన మొదటి ఫిర్యాదు కాపీ, దాని తేదీ, తిరస్కరణ సందేశం, నివేదికలో ఆ విచారణ నమోదైన పుట, ఇవన్నీ జతచేసి పంపాలి.